బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తే నిజంగా డబ్బు మిగులుతుందా?

దాసన్నపేట అమ్మ (విజయనగరం):
మా పిల్లలు ఒకడు నాలుగో తరగతి, ఒకర్తి రెండు. ఈ ఏడాది ఇక్కడి ఒక ప్రైవేటు స్కూల్లో ఫీజు, వ్యాను, పుస్తకాలు, యూనిఫారం, టై, బెల్టు, అదేదో యాక్టివిటీ అని ఇంకో రెండు వేలు, మొత్తం ఇద్దరికీ 86,000 అయింది. ఇంత కట్టినా సాయంత్రం ట్యూషన్ తప్పట్లేదు. ఆ చెప్పేదేదో నేనే చెప్పుకుంటే పోలేదా? బీఎస్సీ, బీఈడీ చేశాను, ఒక ఆఫీసులో నెలకు 14,000 వస్తుంది. మా ఆయన వద్దంటున్నారు. లెక్కేసి చెప్పండి, తిట్టకండి.

రాజాం మావ:
లెక్క మీరే రాసేశారు కదమ్మా. 14,000 పన్నెండు నెలలకి 1,68,000. 86,000 మిగల్చడానికి లక్షా అరవై ఎనిమిది వేలు వదులుకుంటారా? మీ ఆయన చెప్పింది వినండి.

దాసన్నపేట అమ్మ:
మావయ్యా, ఆ 14,000 మొత్తం ఇంటికి రాదు. ఆఫీసుకి ఆటో 1,200, సాయంత్రం పిల్లల్ని చూసే ఆవిడకి 2,000, ట్యూషన్ 1,000. నేను ఇంట్లో ఉంటే ఇవేవీ ఉండవు. ఏడాదికి 50,400. 1,68,000 లోంచి ఇదీ, స్కూలుకి కట్టే 86,000 తీసేస్తే నిజంగా పోయేది 31,600. అది కూడా ఎక్కువే అనుకోండి, కానీ మీరన్నంత కాదు.

నరసన్నపేట జీడిపప్పు:
గవర్నమెంటోళ్లు ఇచ్చే తల్లికి వందనం డబ్బులు మర్చిపోయారేటి? మా గుంటలిద్దరికీ తలా 13,000 వాళ్లమ్మ ఖాతాలో పడింది. బడిలో పేరుండాలి, 75 శాతం హాజరుండాలి. ఇంట్లో కూర్చోబెడితే ఆ 26,000 కూడా పోయినట్టే.

దాసన్నపేట అమ్మ:
అది మాకు రాదు. కరెంటు 300 యూనిట్లు దాటిందన్నారు. ఏసీ కొన్న పాపం.

కొట్టు ముందర ఇల్లు (శ్రీకాకుళం):
మూడేళ్లుగా మా అబ్బాయిని ఇంట్లోనే చదివిస్తున్నాం. అందరూ జీతం గురించే మాట్లాడుతున్నారు. మాకు ఇంటి ముందే కిరాణా కొట్టు, ఇద్దరం ఇంటి దగ్గరే ఉంటాం, మానుకోడానికి ఉద్యోగమే లేదు. పుస్తకాలు, నెట్టు, బస్సు ఛార్జీలు, అంతే ఖర్చు. ఖద్దరు నేసే పొందూరు తీసుకెళ్తే వాలుగ చేప దవడతో పత్తి ఏకడం చూశాడు, ఆ రాత్రి వాడే కూర్చుని రెండు పేజీలు రాశాడు. శీతాకాలంలో తేలినీలాపురానికి వలసొచ్చే పక్షులు. ఇవన్నీ ఏ స్కూల్లో చూపిస్తారు?

రిటైర్డ్ హెచ్చెమ్ (బొబ్బిలి):
బాబూ, పొందూరు ఆదివారం కూడా అక్కడే ఉంటుంది. బడికెళ్లే పిల్లవాడినీ తీసుకెళ్లొచ్చు.
అమ్మా, రెండు సంగతులు చెబుతాను. 2009 విద్యా హక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది, చేర్చకపోతే మీకు శిక్ష మాత్రం రాయలేదు. రేపు వెనక్కి రావాలన్నా వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. అక్కడ భయం లేదు. పదో తరగతికి ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూలు ఉంది, పద్నాలుగేళ్లు నిండాలి, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు.
కానీ మీవాడు నాలుగులో ఉన్నాడన్నారు. వచ్చే ఏడాది ఐదు. కిల్తంపాలెం నవోదయకి పరీక్ష రాయాలంటే ఐదో తరగతి ఈ జిల్లాలోనే గుర్తింపున్న బడిలో చదువుతూ ఉండాలి. సీటు వస్తే తిండి, బస, చదువు ఉచితం. ఈ ఏడాది మాన్పిస్తే ఆ తలుపు మీరే మూసుకున్నట్టు. మీరేసిన లెక్కలో ఇది లేదు.

దాసన్నపేట అమ్మ:
ఇది నిజంగా ఆలోచించలేదు మాస్టారూ.

గంటస్తంభం కుర్రాడు:
నాకు అర్థం కానిది ఒకటి. ప్రైవేటు, లేకపోతే ఇల్లు, ఈ రెండేనా? మున్సిపల్ స్కూలు మాట ఒక్కరూ ఎత్తలేదు. పుస్తకాలు, బ్యాగు, బూట్లు, యూనిఫారం, మధ్యాహ్నం భోజనం అన్నీ ఉచితం. అక్కడ వేసి సాయంత్రం గంటన్నర మీరు చెప్పుకోండి, బీఈడీ కూడా పనికొస్తుంది, జీతమూ పోదు, 86,000 మిగులుతుంది. అక్కా, నిజం చెప్పండి, అడ్డొచ్చేది డబ్బా, చుట్టాలా?

దాసన్నపేట అమ్మ:
చుట్టాలే. "హోం స్కూలింగ్" అంటే మా అత్తగారికి అర్థం కాకపోయినా ఇంగ్లీషు మాట కాబట్టి ఊరుకుంటారు. మున్సిపల్ బడి అంటే మా ఆడపడుచు పెళ్లిళ్లలో కూడా చెబుతుంది. ముందు ఈ వేసవి సెలవుల్లో రోజూ మూడు గంటలు నేనే చెప్పి చూస్తాను, నాకు ఓపిక ఉందో లేదో తేలుతుంది.

రాజాం మావ:
సెలవుల్లో మూడు గంటలు చదివిస్తే దాన్ని హోం స్కూలింగ్ అనరమ్మా, పగ అంటారు.