మద్రాసు సైన్యాధికారి పతకాలు రెండు: జంటగా కొనాలా, విడిగానా?

ప్రశ్న:
నమస్కారం. 1880ల నాటి మద్రాసు సైన్యంలో పనిచేసిన ఒక బ్రిటిష్ లెఫ్టినెంటువంటూ రెండు పతకాలు అమ్మకానికి వచ్చాయి. ఒకటి ‘బర్మా 1885-7’ పట్టీ (పాల్గొన్న దండయాత్ర పేరుతో పతకం పైన ఉండే అడ్డ బద్ద) ఉన్న వెండి ఇండియా జనరల్ సర్వీస్ పతకం. రెండవది ప్రాణాలకు తెగించి ఇతరులను కాపాడినవారికి రాయల్ హ్యూమేన్ సొసైటీ ఇచ్చే కంచు పతకం. రెండింటి అంచులమీదా ఒకే ఇంటిపేరు ఉంది గాని, మొదటిదానిపై పొడి అక్షరాలు రెండు, రెండవదానిపై ఒకటే కనిపిస్తున్నాయి. విడివిడిగానైనా ఇస్తామని అమ్మకందారు అంటున్నారు. నా సేకరణలో ఉన్నవన్నీ యుద్ధ పతకాలే కాబట్టి మొదటిదాన్ని మాత్రమే తీసుకోవడం మంచిదా?

మొదటి జవాబు:
విడదీయకండి. యుద్ధ పతకం ఆ దండయాత్రలో పాల్గొన్న వేలమందికి వచ్చింది. ఆ మనిషి ఏం చేశాడో అది చెప్పదు. ప్రాణరక్షణ పతకం అలా కాదు. 1774లో లండన్‌లో ఏర్పడిన ఆ సొసైటీ ప్రతి ఉదంతాన్నీ విడిగా విచారించి నమోదు చేసేది కనుక, ఏ రోజున, ఎక్కడ, ఎవరిని కాపాడబోయాడో రికార్డుల్లో దొరికే అవకాశం ఎక్కువ. ఆ పతకం మీద ఆరిన కాగడాను ఊదుతున్న బాలుడి బొమ్మ, ‘ఒక చిన్న నిప్పురవ్వ ఇంకా దాగి ఉండవచ్చు’ అనే అర్థం వచ్చే లాటిన్ వాక్యం ఉంటాయి. మన ‘నివురు గప్పిన నిప్పు’ గుర్తుకు వస్తుంది. మనిషి దక్కినప్పుడు ఇచ్చినదానికీ, ప్రయత్నించినా దక్కనప్పుడు ఇచ్చినదానికీ వెనుకవైపు రాతలో తేడా ఉంటుంది. అది కూడా చూడండి.

రెండవ జవాబు:
పై సభ్యులు చెప్పినదాన్ని కాదనను గాని, ముందు యుద్ధ పతకాన్ని పరీక్షించాలి. దాని వ్యాసం 36 మిల్లీమీటర్లు ఉండాలి. అసలు పేరును ఆకురాయితో అరగదీసి కొత్త పేరు చెక్కితే అంచు సన్నబడి కొలత తగ్గుతుంది, కాబట్టి వెర్నియర్‌తో రెండుమూడు చోట్ల కొలవండి. అదే పట్టీ ఉన్న ఇతర పతకాల అక్షరాలతో పోల్చడం కూడా అవసరం. బర్మా దండయాత్ర నుంచి శిబిర సేవకులకు ఇదే పతకం కంచులో ఇవ్వసాగారు. అందువల్ల కంచుతో చేసిన యుద్ధ పతకం మీద అధికారి పేరు కనిపిస్తే అనుమానించాలి. మీది వెండిదే కనుక ఆ చిక్కు లేదు.

పొడి అక్షరాల తేడా అంత పెద్ద విషయం కాదు. ప్రాణరక్షణ పతకం అంచుమీద ఘటన తేదీ కూడా ఉంటుంది. ఆ తేదీ నాటి, సైన్యాధికారుల పేర్లుండే ఆర్మీ జాబితాలో ఆ ఇంటిపేరుగల లెఫ్టినెంట్లు ఎందరున్నారో, వారిలో బర్మా వెళ్లినవారెవరో చూడండి. భారత సైన్యంలో పతకాలు పొందినవారి జాబితాలు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి.

మూడవ జవాబు:
ఒక చిన్న మాట. నేను ఒకసారి ఇలాగే ఒక జంటలో సగమే కొన్నాను. మిగిలినది వేరొకరి చేతికి పోయింది, ఎంత అడిగినా ఇవ్వలేదు. కొన్న తరువాత వెండిని రసాయనాలతో తోమకండి. పాతబడిన రంగు పోతే తిరిగి రాదు. పతకాలను వరుసగా తగిలించే ఒకే బద్దెకు రెండింటినీ గుచ్చవద్దు, ఎందుకంటే యుద్ధ పతకాలు ఎడమ రొమ్మున ధరిస్తే, సొసైటీ పతకాన్ని కుడివైపున ధరించేవారు. రెండూ వందేళ్లు దాటినవి కాబట్టి పురావస్తువుల చట్టం కింద ప్రభుత్వ అనుమతి లేకుండా వీటిని భారతదేశం దాటించకూడదని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. మూడు చోట్లా కొలిచాను, 36 తగ్గలేదు. కంచుదాని మీద 1888 నాటి తేదీ ఉంది, అందులోనూ హోదా లెఫ్టినెంటే. రెండింటినీ నాకోసం ఉంచమని బయానా ఇచ్చి వచ్చాను. జాబితాల నకళ్లు చేతికి అందాకే మిగతా సొమ్ము చెల్లిస్తానని చెబితే అమ్మకందారు ఒప్పుకున్నారు.