రేకీలో చేతులు పెట్టే వరస తప్పితే దోషమా?

కాలవగట్టు కోడలు:
అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పోయిన కార్తీకంలో రాజమండ్రి వెళ్లి రేకీ, అంటే ఒంటి మీద చేతులు పెట్టి శక్తి ఇచ్చే జపాన్ పద్ధతి, రెండో డిగ్రీ (రెండో మెట్టు శిక్షణ) తీసుకున్నాను. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. డాక్టరుగారిచ్చిన మందులు వాడుతూనే ఉన్నారు. మధ్యాహ్నం పనులయ్యాక రోజూ నేను రేకీ ఇస్తున్నాను.

మాస్టరుగారు చెప్పినట్టే చేస్తానండి. కాళ్లూ చేతులూ కడుక్కుని, దీపం పెట్టి, దణ్ణం పెట్టుకుని, కళ్ల దగ్గర మొదలుపెట్టి పన్నెండు చోట్ల, ఒక్కో చోట మూడు నిమిషాలు. టైము అయినప్పుడల్లా ఫోనులో గంట మోగుతుంది. మొన్న ఎడమ భుజం మీదికి వచ్చేసరికి అరచేతుల్లో ఒకటే వేడి, వేళ్ల చివర చీమలు పాకినట్టు. గంట మోగినా చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. అయినా తీసేసి తర్వాత చోటికి వెళ్లాను. అయ్యాక అత్తగారు "అక్కడ ఇంకాసేపు ఉంచాల్సిందే అమ్మాయ్" అన్నారు. రాత్రంతా టెన్షన్‌తో నిద్ర లేదు. గంట ప్రకారం వెళ్లాలా, చెయ్యి ఎటు పోతే అటు వెళ్లొచ్చా? పెద్దవాళ్లు చెప్పండి.

గురుభక్తి:
వరస తప్పకండమ్మా. మీకు మీరు ఇరవై ఒక్క రోజులు రేకీ ఇచ్చుకోవడం పూర్తయిందా? అది పూర్తి కాకుండానే మనసు మాట వింటే మనసు ఎటైనా లాక్కుపోతుంది. గురువు చెప్పింది చెప్పినట్టు చెయ్యండి.

ఆత్రేయపురం అత్త:
అమ్మా, దోషమేమీ లేదు, ముందు భయం వదిలెయ్. ఈ వరస ఎలా వచ్చిందో తెలుసుకో. మికావో ఉసుయీ గారు 1922లో క్యోటో దగ్గర కురామా కొండ మీద ఉపవాసం చేశాక రేకీ నేర్పడం మొదలుపెట్టారంటారు. 1926లో పోయారు. ఆయన శిష్యుడు చుజిరో హయాషి నౌకాదళ వైద్యుడు. ఏ బాధకి ఎక్కడ చేతులు పెట్టాలో శిష్యుల కోసం రాసిపెట్టాడాయన. ఆయన దగ్గర నేర్చుకున్న హవాయో తకాతా గారు 1937లో దాన్ని హవాయికి తీసుకెళ్లారు. నువ్వు చేసే పన్నెండు చోట్ల పద్ధతి ఆ తర్వాత పాశ్చాత్య దేశాల్లో స్థిరపడింది. జపాన్ వాళ్ల పద్ధతిలో రేజీ-హో అని ఒకటుంది. చేతులు జోడించి నుదుటికి ఆనించుకుని, ఎక్కడ అవసరమో అక్కడికి నడిపించమని అడిగి, చేతులు పోయిన చోట పెడతారు. అంటే నీకు జరిగింది రేకీలో ఉన్నదే. కాకపోతే అక్కడ కూడా ముందు నమస్కారం ఉంది చూడు.

మా అమ్మ పూతరేకులు తీసేది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట, జయ బియ్యం పిండి నీళ్లలా పలచగా, అందులో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు. కుండ ఎంత కాలిందో దగ్గరగా చెయ్యి పెట్టి చెప్పేసేది. నేను కూర్చున్న కొత్తలో అయితే మాడేవి, లేకపోతే చిరిగేవి. "ముంచు, లాగు, మూడు లెక్కపెట్టు, తియ్యి" అనేది అమ్మ. ఆ లెక్క నేను ఎప్పుడు మానేశానో నాకే గుర్తు లేదు. కుండకి నూనెగుడ్డ రాసుకోవడం మాత్రం ఇవాళ్టికీ మానలేదు. నీ ఫోను గంట ఆ లెక్క లాంటిది. దీపం, దణ్ణం నూనెగుడ్డ లాంటివి, వాటిని వదలకు. పన్నెండు చోట్లా పూర్తి చేసి, మళ్లీ భుజం దగ్గరకి వచ్చి ఎంతసేపు ఉండాలనిపిస్తే అంతసేపు ఉండు.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. ఆరేళ్ల కిందట మా పిన్ని పొట్ట మీద చేతులు పెడితే ఇలాగే వేడి తగిలింది. "ఇక్కడేదో తేడాగా ఉంది పిన్నీ" అని నోరు జారాను. పది రోజులు ఆవిడ అన్నం సరిగా తినలేదు, నిద్రపోలేదు. స్కానింగ్ తీయిస్తే ఏమీ లేదన్నారు. ఆ పది రోజుల బాధ నా వల్లే. ఇప్పటికీ ఆవిణ్ణి చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. చేతికి తెలిసింది చెయ్యి ఎక్కడ పెట్టాలో చూసుకోవడానికే. దానికి జబ్బు పేరు మాత్రం పెట్టకు తల్లీ.

అమలాపురం సిస్టర్:
నేను నర్సునండి. రేకీ శక్తి ఉందని సైన్సులో రుజువు లేదు. కానీ నెమ్మదిగా చెయ్యి వేసి పక్కన కూర్చుంటే పేషెంటుకి ఎంత ఊరటో రోజూ వార్డులో చూస్తుంటాను. నా టెన్షన్ వేరే. పెద్దావిడ, పైగా ఎడమ భుజం. నొప్పి ఉందేమో ఆవిణ్ణి అడిగారా? నొప్పితో పాటు ఆయాసం, చెమటలు, గుండెల్లో బరువు ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అవేమీ లేకపోయినా ఒకసారి డాక్టరుకి చూపించి, అవసరమంటే ఈసీజీ తీయించండి.

కాలవగట్టు కోడలు:
అందరికీ దణ్ణాలండి. సిస్టర్ గారి మెసేజ్ చూడగానే వెళ్లి అత్తగారిని అడిగాను. ఆయాసం, చెమటలు ఏమీ లేవన్నారు. భుజం మాత్రం ఎప్పటినుంచో నొప్పేనట, జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవట్లేదట. రోజూ చేతులు పెడుతున్నాను గానీ ఎక్కడ నొప్పి అత్తయ్యా అని ఒక్కసారైనా అడగలేదండి. కార్తీక పౌర్ణమికి కాలవలో దీపాలు వదలడానికి వెళ్లి రేవు మెట్టు మీద జారిపడ్డారట. ఆ రోజు నేను రాజమండ్రిలో క్లాసులో ఉన్నాను. నాకు ఎందుకు చెప్పలేదని అడిగితే "చెప్తే క్లాసు మధ్యలో వదిలేసి వచ్చేస్తావు కదే" అన్నారు.

రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరకి తీసుకెళ్తున్నాను. ఇవాళ దీపం పెట్టి, గంట ఆపేసి, పన్నెండు చోట్లా అయ్యాక భుజం దగ్గరే కూర్చున్నాను. అత్తగారు నిద్రపోయారు.