కారు అలారంకు కరెంటు ఎక్కడి నుంచి తీయాలి, ఫ్యూజు ఎంతది వేయాలి?

నల్లగొండ నుంచి ప్రశ్న:
అన్నలూ, పాత స్విఫ్ట్‌కు బయట కొన్న అలారం నేనే బిగించుకుందామని అనుకుంటున్నా. బండి రాత్రంతా ఇంటి ముందు రోడ్డు మీదే ఉంటుంది, అదే టెన్షన్. కిట్‌లో ఎర్ర వైరుకు ఫ్యూజు హోల్డరు ఉంది కానీ అది అలారం డబ్బా పక్కనే ఉంది. ఊళ్లో ఒక షాపులో అడిగితే స్టీరియో ఎర్ర వైరుకే చుట్టేసెయ్, వేరే ఫ్యూజు ఎందుకు అన్నారు. నిజమేనా?

జడ్చర్ల నుంచి:
అట్లా అస్సలు చేయొద్దు తమ్మీ. ఫ్యూజు ఉన్నదే వైరు కోసం. బ్యాటరీ నుంచి లోపలికి వచ్చే దారిలో రేకు అంచుకు వైరు రాసుకుని పొర ఊడిందనుకో, ఫ్యూజు అలారం దగ్గర ఉంటే అది కాలదు, ఆ సన్న వైరే ఎర్రగా కాలి పక్కనున్న వైర్లను కూడా అంటుకుంటుంది. అందుకే బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపే ఫ్యూజు పెట్టు, రేకులోంచి దూర్చే చోట రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు వేసే రింగు) తప్పనిసరి. సైజు మాన్యువల్‌లో రాసిందే వేయాలి, మామూలుగా 10 లేదా 15 ఆంపియర్లు ఉంటుంది, బ్లేడ్ ఫ్యూజుల్లో 10 ఎర్రది, 15 నీలిది. అది కాలితే 30ది ఆకుపచ్చది తెచ్చి గుచ్చకు, ఎక్కడ షార్ట్ అవుతుందో వెతుకు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ విప్పు.

మిర్యాలగూడ నుంచి:
అన్న చెప్పింది కరెక్ట్. అలారం ఇగ్నిషన్ వైరు (కీ ఆన్ అయిందని అలారంకు తెలిపేది) గురించి కూడా చూసుకోండి. స్టీరియోకు వచ్చే కరెంటు సెల్ఫ్ కొట్టేటప్పుడు పోతుంది, మీకు కావాల్సింది కీ ఆన్‌లోనూ సెల్ఫ్ కొట్టేటప్పుడూ పోకుండా ఉండేది. మల్టీమీటర్‌తో చూడండి, టెస్ట్ ల్యాంప్ వద్దు, ముఖ్యంగా స్టీరింగ్ కింద పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికే పోవద్దు. ఎర్త్‌కు బాడీ మీద పెయింటు గీకి, తళతళలాడే రేకు కనిపించాక, వైరు చివర లగ్ (రంధ్రం ఉన్న మెటల్ ముక్క) వేసి బోల్టుతో బిగించండి. ఎర్త్ సరిగ్గా లేకపోతే అలారం ఊరికే మోగొచ్చు. ఇన్సులేషన్ టేపు మన ఎండలకు జిగురు కారి ఊడిపోతుంది, సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వేస్తేనే నిలుస్తుంది.

నల్లగొండ:
చాలా థ్యాంక్స్ అన్నా. పండుగకు ఊరికి పోతే బండి వారం పది రోజులు ఆగే ఉంటుంది, బ్యాటరీ దిగిపోదు కదా?

జడ్చర్ల:
కొలిచి చూసుకో. మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, బ్యాటరీ మైనస్‌కు, విప్పిన కేబుల్‌కు మధ్యలో కలుపు, డోర్లు లాక్ చేసి అరగంట ఆగు. మీటరు అట్లా కలిపి ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకు. మొత్తం 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే పర్లేదు. 50 అంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు వారాలకు దగ్గర దగ్గర సగం ఖాళీ అవుతుంది. బ్యాటరీ పాతదైతే వారానికే సెల్ఫ్ తీసుకోకపోవచ్చు, కాబట్టి పోయే ముందు ఇంట్లో ఎవరికైనా తాళం ఇచ్చి మధ్యలో ఒకసారి అరగంట నడపమని చెప్పు.