మంచి ఏదో తేల్చడానికి పద్ధతి సరిపోతుందా?

తర్కబద్ధం:
జర్మన్ తత్వవేత్త గాడమర్ 1960లో ‘సత్యం, పద్ధతి’ పుస్తకం వెలువరించినప్పటి నుంచి, మంచిచెడ్డల్లో పద్ధతికి చోటు లేదనడం పరిపాటైంది. నేనొప్పుకోను. మరో జర్మన్ తత్వవేత్త హాబర్మాస్ చెప్పిన చర్చానీతి పద్ధతి కాక మరేమిటి? ఒక నియమం తీసుకుంటాం. అందరూ దాన్ని పాటిస్తే ఎవరికేమవుతుందో చూస్తాం. ఆ ప్రభావం పడే ప్రతి ఒక్కరూ బలవంతం లేని చర్చలో సమ్మతించగలరా అని అడుగుతాం. లేదంటే నియమం చెల్లదు.

తుంగభద్ర:
తర్కబద్ధం గారూ, మీ పరీక్ష తేల్చేది న్యాయాన్ని, మంచి జీవితాన్ని కాదు. ఆ రెంటినీ హాబర్మాసే విడదీశాడు. 1945 పారిస్ ప్రసంగంలో ఫ్రెంచి తత్వవేత్త సార్త్ర్ చెప్పిన విద్యార్థి సంగతే తీసుకోండి. అతని అన్న 1940 జర్మన్ దాడిలో చనిపోయాడు. తండ్రికీ తల్లికీ పొసగదు, ఆమెకు ఇతడొక్కడే ఆసరా. ఇంగ్లండు వెళ్లి, జర్మనీతో పోరాడుతున్న స్వేచ్ఛా ఫ్రెంచి సేనలో చేరాలా, తల్లి దగ్గరే ఉండిపోవాలా? ‘తల్లిని చూసుకోవాలి’, ‘ఆక్రమణను ఎదిరించాలి’ రెండూ మీ పరీక్షలో నెగ్గుతాయి. కుర్రాడికి దారి మాత్రం దొరకదు. గ్రీకు ద్వీపం లెస్బోస్ మేస్త్రీల సీసపు కొలబద్ద రాయి వంపుకు తగ్గట్టు వంగుతుందని అరిస్టాటిల్ అన్నాడు. నియమాన్ని సందర్భానికి అలా అమర్చే వివేకాన్నే గాడమర్ మళ్లీ ముందుకు తెచ్చాడు.

తర్కబద్ధం:
ఆ వివేకం వచ్చేది పెంపకం నుంచి, సంప్రదాయం నుంచి. ఆ సంప్రదాయమే వంకరపోయి ఉంటే? భాష కూడా పెత్తనానికి పనిముట్టేనని 1967లో హాబర్మాస్ గాడమర్‌ను నిలదీసింది అందుకే. లోపలివాడికి ఆ వంకర మామూలుగానే అనిపిస్తుంది. నోరెత్తే వీల్లేనివాళ్ల మాట కూడా విని తీరాలని పట్టుబట్టేది పద్ధతే.

మూడోమాట:
అసలు ఎందుకు వినాలి? వాదనకు దిగినవాడు ఎదుటివాళ్లను సమానులుగా అప్పటికే ఒప్పుకున్నట్టేనని హాబర్మాస్ జవాబు. అది వాదించేవాడినే కట్టేస్తుంది, వాదించనంటూ తలుపేసుకున్నవాడిని కాదు. ఫ్రెంచి తత్వవేత్త లెవినాస్ (1961) ఇంకా వెనక్కి వెళ్తాడు: ఎదుటి మనిషి ముఖం ఎదురవగానే బాధ్యత మీద పడుతుంది, పద్ధతి తర్వాతి సంగతి. అయితే మూడో మనిషి వచ్చాక ఎవరికెంత అని పోల్చక తప్పదని ఆయనా అన్నాడు. పద్ధతి అవసరం అక్కడ మొదలవుతుంది.

తర్కబద్ధం:
తుంగభద్ర గారి విద్యార్థి విషయంలో నా జవాబు ఇది. నియమాన్ని సమర్థించడం వేరు, దాన్ని ఒక సందర్భానికి అన్వయించడం వేరు అని జర్మన్ న్యాయతత్వవేత్త క్లాస్ గుంటర్ 1988లో చూపించాడు, హాబర్మాస్ దాన్ని స్వీకరించాడు. అన్వయంలో సందర్భానికి సంబంధించిన ముఖ్య వివరాలన్నీ లెక్కలోకి తీసుకుంటారు.

తుంగభద్ర:
వాటిలో ఏది ముఖ్యమో ఎంచడానికి మళ్లీ ఏ నియమం వాడతారు? తల్లి ఒంటరితనం బరువెంతో, చేరతాడో లేదో తెలియని సేన బరువెంతో మీ పద్ధతితో చెప్పి చూపండి.