రోమన్ శిల్పాల మీద పీహెచ్‌డీ, కడప నుంచి అయ్యే పనేనా?

కడప_బుడ్డోడు:
అన్నా అక్కా, నేను ఇక్కడే యోగి వేమనలో ఎంఏ హిస్టరీ చేస్తాండా. అందరూ పుష్పగిరి మీదో లేపాక్షి మీదో చేయమంటారు, నాకేమో ఆ రోమ్ చక్రవర్తుల తలకాయల మీద పిచ్చి పట్టింది. మా నాయన "రాతి తలకాయలు చూస్తే జీతమెవడిస్తాడ్రా" అంటాండాడు. దీంట్లో ప్రొఫెసర్ అయ్యే దారుందా, యాడ మొదలుపెట్టల్ల?

పాత_సామాను:
నేను జర్మనీలో గ్రీకు కుండల మీద చేసినా, మాది అనంతపురం. దారుంది గానీ పొడుగు. ముందు బరోడా ఎంఎస్ యూనివర్సిటీలోనో జేఎన్‌యూలోనో ఆర్ట్ హిస్టరీ చెయ్, తర్వాత బయటికి, డాడ్ (DAAD, జర్మనీకి పోయి చదివేటోళ్లకి ఆ దేశమోళ్లిచ్చేది) స్కాలర్‌షిప్ చూడు. అసలు గండం భాషలు: లాటిన్, కొంచెం గ్రీకు, పైన జర్మన్, ఇటాలియన్. ఆ తలకాయల కేటలాగులు చానా వరకు జర్మన్‌లోనే ఉన్నాయి, ఇంగ్లీషుతో నెట్టుకొస్తా అంటే కుదర్దు. పని మాత్రం మజాగా ఉంటాది, రోమ్ తొలి చక్రవర్తి అగస్టస్ నుదుటి మీద జుట్టు పాయలు యాడ చీలినాయో చూసి ఏ మోడల్‌కి కాపీనో పట్టేస్తారు, హేడ్రియన్ చక్రవర్తి కాలం నుంచి, అంటే సుమారు 130 నుంచి, కనుపాపలు చెక్కడం మొదలైంది, అంతకుముందు రంగే వేసేటోళ్లు. నీరో చక్రవర్తి చచ్చినాక ఆయన తలల్నే మళ్లీ చెక్కి తర్వాతి చక్రవర్తి వెస్పాసియన్‌ని చేసేసినారు, ఆ చెక్కుడు కనిపెట్టడం కూడా మన పనే.

ఆళ్లగడ్డ_ఉలి:
చదువు సంగతి నాకు తెల్దు, మా ఇంట్లో రాతి పని. ఆ తెల్ల బొమ్మల కాలి పక్కన చెట్టు మొద్దు ఎందుకుంటాది? మడమ కాడ రాయి పల్చబడితే ఇరుగుతాది, అందుకేనా?

పాత_సామాను:
అదే అన్నా! చానా వాటికి మూలం గ్రీకుల కంచు బొమ్మ, కంచు లోపల డొల్ల కాబట్టి రెండు కాళ్ల మీద నిలబడుతుంది, అదే పాలరాతిలో తీస్తే బరువుకి ఆసరా కావల్ల. 1863లో రోమ్ దగ్గర ప్రిమా పోర్టాలో దొరికిన అగస్టస్ బొమ్మకి మొద్దు బదులు డాల్ఫిన్ మీద కూర్చున్న మన్మథుడు, ఆ మన్మథుడు వీనస్ దేవత కొడుకు కాబట్టి, మాది వీనస్ వంశం అని చెప్పుకోవడం కూడా అయిపోయింది చూడు. తమ్ముడూ, సెలవుల్లో ఆళ్లగడ్డ పోయి ఉలి ఎట్ల పడుతుందో చూడు, లైబ్రరీలో అది దొరకదు.

అనంత_మేడమ్:
అంతా బాగుంది గానీ, మీ నాన్న సంగతి: నెట్ (కాలేజీ లెక్చరర్ పోస్టులకి అర్హత పరీక్ష) రాసి పెట్టుకో. ఇండియాలో రోమన్ శిల్పం ఒక్కదానికే పోస్టులు వెతికితే దొరకడం కష్టం, ఇంకోటి చేతిలో ఉండాలి. మన వైపు లింకు పెట్టుకున్నా మేలే, 1938లో ఇటలీలోని పాత రోమన్ ఊరు పాంపేలో దొరికిన దంతపు బొమ్మ ఇండియాదే, ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉంది.

కడప_బుడ్డోడు:
నెట్ మాట చెప్తే నాయన కొంచెం మెత్తబడినాడు మేడమ్. ఆళ్లగడ్డన్నా, ఆదివారం వస్తే పని జరుగుతుంటాదా? జర్మన్ ఆన్‌లైన్‌లో ఎవరు బాగా చెప్తారో కూడా ఎవరన్నా చెప్పండి.