ప్రేమకథల్లో వింత అడ్డంకులు: కథకుడి ఊహాశక్తా, అసలు విషయానికి ముసుగా?

గట్టు మీది పాఠకుడు (చర్చ ప్రారంభించినవారు):
తెలుగు ప్రేమకథా చిత్రాల్లో ప్రేమికులను విడదీసే కారణాలను తలచుకుంటే నాకొక అనుమానం కలుగుతుంది. పూర్వజన్మలు, ప్రాణాంతక వ్యాధులు, చివరకు ఈగగా పుట్టడం దాకా ఊహించగలిగిన కథకులు, మన ఊళ్లలో పెళ్లిళ్లను నిజంగా ఆపే కులం దగ్గరకు వచ్చేసరికి ఎందుకు నోరు మెదపరు? 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం బ్రాహ్మణ యువకుడికీ దళిత యువతికీ మధ్య ప్రేమను తెరకెక్కించి, ఆ సినిమాకు 'మాలపిల్ల' అని పేరు పెట్టారు. ఇరవయ్యారేళ్లు గడిచాక 'మూగమనసులు'లో పడవ నడిపే గోపి, జమీందారు బిడ్డ రాధను 'అమ్మాయిగారు' అని పిలవడం దాటి ఒక్క అడుగూ ముందుకు వేయలేకపోయాడు. వారిని కలపడానికి ఆదుర్తి సుబ్బారావు ఇంకో జన్మ ఎత్తించవలసి వచ్చింది. వింత అడ్డంకి అంటే అసలు అడ్డంకికి కప్పిన ముసుగేనని నా వాదన. కాదనేవారు ఉదాహరణలతో కాదనండి.

పాత రీలు:
'మూగమనసులు' విషయంలో మీరు పొరబడ్డారండీ. ఆ కథలో పునర్జన్మ అడ్డంకి కాదు, అడ్డంకి మీద కథకుడు చెప్పిన తీర్పు. రాధకు వేరొకరితో పెళ్లయి, భర్తను పోగొట్టుకుని తిరిగివచ్చిన తరువాత, గోపికి ఆమె మీద ఉన్న ఆపేక్షను లోకం ఏ కళ్లతో చూస్తుందో సినిమా ఎక్కడా దాచలేదు. హోదా ఒక గోడ, వైధవ్యం దాని మీద లేపిన రెండో గోడ. ఈ జన్మలో ఈ గోదావరి ఒడ్డున వీళ్లకు చోటు లేదని అంత స్పష్టంగా చెప్పిన సినిమాను తప్పించుకుందని ఎలా అంటారు? పైగా మళ్లీ పుట్టిన దంపతులకు పాత కథను చెప్పేది వృద్ధురాలైన గౌరి, అంటే గోపిని మనసారా కోరుకుని దక్కించుకోలేకపోయిన మనిషి. (గౌరిగా నటించిన జమునను తలచుకోకుండా ఈ సినిమా గురించి మాట్లాడేవారిని నేను అంత తేలికగా క్షమించలేను.)

మూడో వరుస:
నా అభ్యంతరం వేరు. అడ్డంకి వెనక సమాజం ఉండి తీరాలని మీరిద్దరూ ముందే ఒప్పేసుకున్నారు. 1986లో వచ్చిన విశ్వనాథ్ గారి 'సిరివెన్నెల'ను చూడండి. అతను చూపులేని వేణువిద్వాంసుడు, ఆమె మాటలేని చిత్రకారిణి. ఆమె గీసిన బొమ్మ అతనికి కనిపించదు, ఆమె చేసే సైగ అతనికి అందదు, అతని పాటకు ఆమె బదులు పలకలేదు. ప్రేమను ఎదుటి మనిషికి చేర్చడం ఎలా అన్నదే అక్కడ కథ మొత్తం. దాని వెనక ఏ కులాన్ని వెతుకుతారు? 2012 నాటి 'ఈగ'లోనూ నన్ను పట్టుకున్నది ప్రతీకారం కాదు, హత్యకు గురై ఈగగా పుట్టిన ప్రియుడు, ప్రియురాలు బిందు కన్నీటితోనే అక్షరాలు దిద్ది తానెవరో తెలియజెప్పే ఘట్టం.

భీమిలి గాలి:
మా ఊళ్లోనే నడిచే 'మరో చరిత్ర'ను ఎవరూ తలవకపోవడం విశాఖ మనిషిగా నాకు కష్టంగా ఉంది. 1978లో బాలచందర్ పెట్టిన అడ్డంకి భాష: అబ్బాయి బాలుది తమిళం, అమ్మాయి స్వప్నది తెలుగు. కానీ గమనించండి, ఆ భాష పక్కపక్క ఇళ్లలో ఉన్న పెద్దలకు అడ్డమైంది గానీ బాలుకూ స్వప్నకూ ఒక్కరోజు కూడా కాలేదు. ఏడాది పాటు కలుసుకోకుండా, మాట్లాడుకోకుండా ఉండాలన్న షరతును మించిన శిక్ష నాకు మన సినిమాల్లో కనిపించలేదు, ఎందుకంటే దానికి విలన్ అవసరం లేదు, క్యాలెండర్ చాలు. ఆ సినిమాను మద్రాసులో అరవంలోకి అనువదించకుండా తెలుగులోనే ప్రదర్శిస్తే అక్కడివారు విరగబడి చూశారు. పెద్దలు దాటలేని గీతను ప్రేక్షకులు టిక్కెట్టు కొనుక్కుని దాటారన్నమాట.

అయితే మాదీ రెండు భాషల కాపురమే కనుక చర్చ ప్రారంభించినవారి వైపు కూడా ఒక మాట చెప్పాలి. మా పెళ్లికి మా పెద్దనాన్నగారు మొదట భాషను సాకుగా చూపారు, తరువాత తిండిని చూపారు, మూడోసారి అడిగితే గానీ 'వాళ్లు మనవాళ్లు కారు కదమ్మా' అన్న అసలు మాట బయటపడలేదు.

గట్టు మీది పాఠకుడు:
'మూగమనసులు' మీద పాత రీలు గారి మాటకు లొంగుతున్నాను. 'సిరివెన్నెల' మీద కూడా వాదించను. కానీ 'గీతాంజలి' సంగతేమిటి? 1989లో మణిరత్నం ఇద్దరికీ మృత్యువును దగ్గర చేసి ఊటీ మంచులో నిలబెట్టారు. బతికే రోజులు లెక్కలో ఉన్నవారిని ఏ ఊరు, ఏ ఇంటివారు అని అడిగే ధైర్యం ఎవరికుంటుంది? ఇళయరాజా సంగీతానికి నేనూ కరిగినవాణ్నే, అయినా ఆ వ్యాధి పెద్దలను అంత సులువుగా పక్కకు తప్పించడం నాకు అనుమానంగానే ఉంటుంది. 2020లో వచ్చిన 'కలర్ ఫోటో' కూడా అంతే. బందరు నేపథ్యంలో నలుపు రంగును అడ్డంకిగా పెట్టారు. రంగు అన్నది ఇక్కడ కులానికి మారుపేరు కాదా?

మూడో వరుస:
కాదండీ. ఇది నేను సినిమా చూసి చెప్పడం లేదు. నాకు నాలుగు సంబంధాలు తప్పిపోయాయి, నాలుగూ మా కులంలోవే. జాతకాలు కలిశాయి, రెండింట్లో కట్నం మాట కూడా అయిపోయింది. పెళ్లిచూపులకు వచ్చిన ఒకావిడ మా అమ్మతో, 'ఫొటోలో ఇంత చామనఛాయ అనిపించలేదండీ' అని కాఫీ గ్లాసు సగంలోనే కింద పెట్టేసింది. ఆ సినిమా పేరు విన్నప్పుడల్లా నాకు ఆ గ్లాసే గుర్తొస్తుంది. ఏ మారుపేరూ అక్కరలేని అడ్డంకి అది.

గట్టు మీది పాఠకుడు:
'కలర్ ఫోటో' గురించి రాసిన వాక్యాన్ని వెనక్కు తీసుకుంటున్నాను. 'గీతాంజలి' మీద మాత్రం నా అనుమానం అలాగే ఉంది. పాత రీలు గారు దానికి జవాబు ఇవ్వలేదు.