ఫోన్ చేతిలో ఉండగా హ్యాండ్‌హెల్డ్ జీపీఎస్ కొనడం దండగా?

గుణుపురం_కొండబాట:
మాది చిన్న గుంపు. సెలవు దొరికితే ఒడిశా కొండల్లో మహేంద్రగిరి వైపో దేవమాలి వైపో నడుస్తుంటాం. ఇప్పటిదాకా ఫోన్‌తోనే నెట్టుకొచ్చాం. తలా కాస్త వేసుకుని ఒక హ్యాండ్‌హెల్డ్ జీపీఎస్ కొందామని నేనంటే గుంపు రెండుగా చీలింది. "ఫోన్‌లో అన్నీ ఉంటే మళ్లీ ఈ డబ్బా ఎందుకు" అని సగం మంది గొడవ. మేం చూస్తున్నవి గార్మిన్‌లో మూడు: ఈట్రెక్స్ ఎస్ఈ, ఈట్రెక్స్ 22ఎక్స్, జీపీఎస్‌మ్యాప్ 65. ఇంకొకడు ఇన్‌రీచ్ ఉన్నదే తీసుకుందాం, సిగ్నల్ లేనిచోట కూడా మెసేజ్ పోతుంది అంటున్నాడు. ఫోన్ పార్టీ, డబ్బా పార్టీ ఇద్దరూ రండి. మొహమాటం లేకుండా చెప్పండి.

బరంపురం_బైకర్:
దండగే. సందేహం లేదు.

చాలామందికి ఒక అపోహ ఉంది, టవర్ లేకపోతే ఫోన్ జీపీఎస్ పనిచేయదని. ఫోన్‌లో ఉన్నదీ ఉపగ్రహాల నుంచి నేరుగా తీసుకునే రిసీవరే. నెట్ ఉంటే మొదటిసారి చోటు త్వరగా దొరుకుతుంది, లేకపోతే కాస్త ఆలస్యం, అంతే తేడా. ఆర్గానిక్ మ్యాప్స్ యాప్ గానీ ఆస్మ్‌అండ్ యాప్ గానీ వేసుకుని, ఇంట్లో ఉండగానే ఒడిశా మ్యాపు దించుకుని, కొండ ఎక్కే ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. బ్యాటరీని తినేది జీపీఎస్ ఒక్కటే కాదు, లేని టవర్ కోసం ఫోన్ చేసే వెతుకులాట కూడా.

ఇంకో మాట, డబ్బా పార్టీకి నచ్చదు. ఇప్పుడు చాలా ఫోన్లు ఉపగ్రహాలు పంపే ఎల్1, ఎల్5 రెండు ఫ్రీక్వెన్సీలూ తీసుకుంటాయి. లోయలో రాళ్లకు, చెట్లకు తగిలి సిగ్నల్ చుట్టు తిరిగి వచ్చినప్పుడు రెండో ఫ్రీక్వెన్సీ ఉంటే తప్పు తగ్గుతుంది. 22ఎక్స్‌కి ఉన్నది ఎల్1 ఒక్కటే. అంటే డబ్బు పోసి మీ జేబులో ఉన్నదానికంటే వెనకబడిన రిసీవర్ కొంటారన్నమాట.

సిరోంచ_సంగమం:
బైకర్ అన్నా, ఎల్5 సంగతి నిజమే. ఒప్పుకుంటా. కానీ కొండలో ఇబ్బంది పెట్టేది ఆ నాలుగు మీటర్ల తేడా కాదు కదా. కాలిబాట రెండుగా చీలిన చోట నాలుగు మీటర్లు అటూ ఇటూ అయినా ఏ బాటో తెలుస్తుంది. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, వాన పడుతుంటే తడి వేలికి టచ్ స్క్రీన్ పలకదు. మ్యాపు దానంతటదే జూమ్ అవుతుంది, ట్రాక్ (నడిచిన దారి గీత) ఆగిపోతుంది. లేదా బ్యాటరీ సేవర్ చెప్పాపెట్టకుండా యాప్‌ని చంపేస్తుంది, రెండు గంటల తర్వాత చూస్తే ట్రాక్ మొదటి వాగు దగ్గరే ఆగి ఉంటుంది.

అడవి హద్దులు కొలిచే మా పనికి హ్యాండ్‌హెల్డ్ ఎందుకు వాడతామంటే దానికి బటన్లు ఉంటాయి, పెన్సిల్ సెల్లు రెండు వేస్తే నడుస్తుంది. 22ఎక్స్ 25 గంటలు, ఎస్ఈ 168 గంటలు అని కంపెనీ లెక్క. ఆ లెక్కలో సగం వచ్చినా మనకు చాలు. సెల్లు అయిపోతే ఊళ్లో కిరాణా కొట్టులో దొరుకుతుంది. ఒక మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోని రకం. ఫోన్ అయితే దారి చూపాలి, ఫొటో తీయాలి, చీకటి పడితే టార్చి కావాలి, ఎవరికైనా కాలు బెణికితే కాల్ చేయాలి. అన్నీ ఒక్కదాని మీదే పెట్టుకుని అది ఆఫ్ అయితే?

బల్లార్షా_బొగ్గు:
వాన సంగతి మీకు. మా చంద్రపూర్ ఎండలో మే నెలలో ఫోన్ బైక్ హ్యాండిల్‌కి తగిలిస్తే కాసేపటికే "వేడెక్కాను" అని రాసి పడుకుంటుంది. హ్యాండ్‌హెల్డ్ స్క్రీన్ మంచి ఎండలోనే ఇంకా బాగా కనబడుతుంది. నా ఓటు డబ్బాకే.

బరంపురం_బైకర్:
168 గంటలంటే ఏడు పగళ్లు, ఏడు రాత్రులు. కొండబాట వాళ్లు ఆదివారం పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చే మనుషులు. ఒక పవర్ బ్యాంకు, ఒక జిప్ కవరు, ఐదుగురికి ఐదు ఫోన్లు. ఒకటి పోతే నాలుగు ఉంటాయి. మీ డబ్బా పోతే ఇంకోటి ఉందా?

కొరాపుట్_కాఫీ:
ఫోనా డబ్బానా అన్నది తర్వాత. ముందు ఇన్‌రీచ్ సంగతి, ఎందుకంటే అది కేసుల దాకా పోయే వ్యవహారం.

తమ్ముడూ, ఆ ఆలోచన ఇప్పుడే మానుకోండి. మామూలు జీపీఎస్ ఉపగ్రహం చెప్పేది వింటుంది, అంతే. అది ఏదీ పంపదు. ఇన్‌రీచ్ అలా కాదు, ఇరిడియం ఉపగ్రహాలకు మెసేజ్ పంపుతుంది. అది శాటిలైట్ ఫోన్ లెక్కలోకి వస్తుంది. మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా అలాంటిది దగ్గర పెట్టుకోవడమే నేరం. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో ఒక కెనడా మహిళను ఇది బ్యాగులో ఉందని ఆపేశారు. ఆవిడ కొండల్లో పరుగులు తీసే మనిషి, దారి తప్పితే పనికొస్తుందని తెచ్చుకుంది, ఇక్కడి నిబంధన తెలీదు. తెలియకపోవడం అక్కడ అక్కరకు రాలేదు.

కొనేటప్పుడు మోడల్ పేరు చివర అక్షరం చూడండి. జీపీఎస్‌మ్యాప్ 67 వేరు, 67ఐ వేరు. ఆ "ఐ" ఉంటే లోపల ఇన్‌రీచ్ ఉన్నట్టు. విదేశంలో ఉన్న బావగారు ప్రేమగా తెచ్చిస్తానంటే ఇది ముందే చెప్పండి.

ఇంకోటి. కొరాపుట్, మల్కన్‌గిరి, గడ్చిరోలి, ఈ జిల్లాల్లో యాంటెన్నా ఉన్న డబ్బా పట్టుకుని ఊళ్ల చుట్టూ తిరిగితే ఊరివాళ్లూ అడుగుతారు, భద్రతా దళాల క్యాంపు వాళ్లూ అడుగుతారు. అడగాలి కూడా. కొన్న బిల్లు ఫొటో దగ్గర ఉంచుకోండి. ఊళ్లోకి పోగానే పెద్దమనిషికి ఎందుకొచ్చారో చెప్పండి. ఫోన్‌కి ఈ బెడద లేదు, ఆ ఒక్క విషయంలో బైకర్ గారికి మార్కులు.

గుణుపురం_కొండబాట:
అక్కా, ఇన్‌రీచ్ జాబితాలోంచి ఇప్పుడే తీసేశాను. థాంక్స్. మావాడికి ఈ పోస్టు పంపించాను, ఇంకా జవాబు లేదు.

రాయగడ_సర్వే:
రిటైరయ్యాను కానీ అలవాటు పోలేదు, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను. మీరంతా పరికరం గురించి కొట్టుకుంటున్నారు. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం పరికరానివి కావు, సెట్టింగులవి.

మొదటిది డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాలు దేని ఆధారంగా లెక్కకట్టారో ఆ కొలమానం. పాత టోపోషీట్లు (సర్వే మ్యాపులు) ఎవరెస్ట్ డేటమ్ మీద గీసినవి. జీపీఎస్ చెప్పేది డబ్ల్యూజీఎస్84 అనే ఇంకో డేటమ్ మీద. మన ప్రాంతంలో ఈ రెండింటికీ తేడా వంద మీటర్లకు పైనే. పాత షీటులోంచి గుడి ఉన్న చోటు అంకెలు తీసి జీపీఎస్‌లో కొట్టి, అక్కడ గుడి లేదని పరికరాన్ని తిడతారు. సర్వే ఆఫ్ ఇండియా ఓపెన్ సిరీస్ మ్యాపులు 1:50,000 స్కేలులో డబ్ల్యూజీఎస్84 మీదే ఉన్నాయి. అవి వాడండి.

రెండోది మీ గుంపుకు మరీ ముఖ్యం. యూటీఎం అంకెలు (భూమిని జోన్లుగా విడగొట్టి చోటును మీటర్లలో చెప్పేవి) వాడే అలవాటుంటే, 84 డిగ్రీల రేఖాంశం దగ్గర జోన్ మారుతుంది. గుణుపురం 44వ జోన్‌లో ఉంది, పర్లాకిమిడి ఆ గీత దాటి 45లో ఉంది. మీరు మహేంద్రగిరికి పోయే దారిలోనే ఆ గీత. అటు అంకెలు రాసిచ్చినవాడు జోన్ నంబరు రాయకపోతే అవి చిత్తుకాగితం కింద లెక్క. సిరోంచ వారికి ఈ తలనొప్పి లేదు.

మూడోది, డిగ్రీలు రాసే పద్ధతి. పర్లాకిమిడి సుమారు 18 డిగ్రీల 46.8 నిమిషాల ఉత్తర అక్షాంశంలో ఉంది. దశాంశంలో రాస్తే 18.78. దాన్నే ఎవరో తొందరలో 18.468 అని కొడితే దాదాపు 35 కిలోమీటర్లు దక్షిణానికి జరిగి నరసన్నపేట చుట్టుపక్కల తేలతారు. ఫోన్ మీదైనా డబ్బా మీదైనా తేలేది అక్కడే! గుంపులో అందరూ ఒకటే పద్ధతి పెట్టుకోండి, ఏ కంపెనీ వస్తువైనా సరే.

బల్లార్షా_బొగ్గు:
మాస్టారూ, మధ్యలో నాదొక డౌటు. ఎలాగూ డబ్బా కొంటే మా ఎకరం చేను చుట్టూ ఒకసారి తిరిగి కొలుచుకోవచ్చా? ఏరియా కాలిక్యులేషన్ అని మెనూలో ఉందంట. పక్కవాడితో గట్టు తగాదా ఉంది.

రాయగడ_సర్వే:
తగాదా తీర్చడానికైతే వద్దు, ఇంకోటి మొదలవుతుంది. లెక్క చూడండి. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు, చదరంగా ఉంటే ఒక్కో పక్క 64 మీటర్లు. హ్యాండ్‌హెల్డ్‌కి మూడు మీటర్ల తప్పు చాలా మామూలు. నాలుగు పక్కలా మూడేసి మీటర్లు బయటికి జరిగితే పక్క 70 మీటర్లు, విస్తీర్ణం 4,900. మీ ఎకరం ఎకరం ఇరవై సెంట్లు అయిపోయింది! లోపలికి జరిగితే మీ పక్కవాడు పండగ చేసుకుంటాడు. హద్దుల కోసమైతే డీజీపీఎస్ (తప్పును సవరించుకునే జీపీఎస్) ఉన్న సర్వేయరును పిలవాలి. సర్వే ఆఫ్ ఇండియా కోర్స్ స్టేషన్ల (ఎప్పుడూ పనిచేసే స్థిర జీపీఎస్ కేంద్రాల) నుంచి సవరణ తీసుకుంటే సెంటీమీటర్లలో వస్తుంది. ఆంధ్రలో రీసర్వే ఆ పద్ధతిలోనే చేశారు.

సిరోంచ_సంగమం:
మాస్టారు చెప్పింది ఎకరానికి కరెక్టే. అయితే అదే లెక్క పెద్ద హద్దుకు పట్టదు, అది కూడా చెప్పాలి. మా గడ్చిరోలిలోనే మేంఢా లేఖా గ్రామసభకు 2009లో సామూహిక అటవీ హక్కు వచ్చింది, సుమారు 1,800 హెక్టార్లు. అంత అడవిని చదరం అనుకుంటే చుట్టుకొలత పదిహేడు కిలోమీటర్లు. హద్దు అంతా ఐదు మీటర్లు జరిగినా తేడా ఎనిమిదిన్నర హెక్టార్లు, అర శాతం కూడా కాదు. పైగా అక్కడ అసలు హద్దు వాగు, గుట్ట, పాత గుర్తు చెట్టు. గ్రామసభ పెద్దలు ముందు నడిచి చూపిస్తారు, పరికరం వెనకాల రాసుకుంటూ పోతుంది. ఇలాంటి పనికి హ్యాండ్‌హెల్డ్ బ్రహ్మాండంగా సరిపోతుంది. రోజంతా ఆన్‌లో ఉండాలి, చేతులు మారాలి, ఎవరు పట్టుకున్నా ఒకటే బటన్ నొక్కాలి. నా ఫోన్ పది మందికి ఇస్తానా?

బరంపురం_బైకర్:
అడవి హక్కుల సర్వేకి కొనండి, నేను అడ్డం రాను. కొండబాట అడిగింది సర్వే కాదు, ఆదివారం నడక. ప్రశ్న అక్కడే ఉంచండి.

కొరాపుట్_కాఫీ:
సరే, ఆదివారం నడకే అనుకుందాం. దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తు. పైన మంచు కమ్మితే పది అడుగుల దూరంలో మనిషి కనబడడు. ఆ గంటలో కావాల్సింది "వచ్చిన దారినే వెనక్కి" అనే ఒక్క గీత. దానికి మ్యాపు రంగులు అక్కర్లేదు, ఆరిపోని స్క్రీన్ కావాలి. అందుకే నేనైతే ఎస్ఈ వైపు. రంగుల స్క్రీన్ లేదు, లోపల మ్యాపు లేదు, నలుపు తెలుపు మీద మీ ట్రాకు, మీ పాయింట్లు. కానీ జీపీఎస్, గ్లొనాస్, గెలీలియో, బైడూ, ఇలా వేర్వేరు దేశాల ఉపగ్రహాలన్నీ వింటుంది, దిక్సూచి ఉంది. 22ఎక్స్‌లో మ్యాపు ఉంది కానీ ఎలక్ట్రానిక్ దిక్సూచి లేదు, నిలబడితే ఎటు తిరిగామో చెప్పలేదు, నడిస్తేనే బాణం కదులుతుంది. మంచులో దిక్కు కోసం అటూ ఇటూ నడిచి చూడమంటే ఎలా? దిక్సూచి కావాలంటే 32ఎక్స్‌కి పోవాలి.

సిరోంచ_సంగమం:
అక్క లెక్క నాకూ నచ్చింది. నా వరకు దట్టమైన చెట్ల కింద జీపీఎస్‌మ్యాప్ 65దే పైచేయి, రెండు ఫ్రీక్వెన్సీలు, పైకి పొడుచుకొచ్చిన యాంటెన్నా. కానీ సెల్లు 16 గంటలే వస్తాయి, ధరలో చాలా తేడా. ఐదుగురు పంచుకునే డబ్బుకి 65 ఎక్కువ. ఎస్ఈ కొని, మ్యాపు చూడాలనిపించినప్పుడు ఫోన్ తీయండి. రెండూ ఉంటే ఏది పోయినా ఇంటికొస్తారు. చార్జింగ్ సెల్లు వేస్తే మెనూలో సెల్లు రకం మార్చడం మర్చిపోకండి, లేకపోతే బ్యాటరీ గుర్తు తప్పుగా చూపిస్తుంది.

రాయగడ_సర్వే:
నేనూ దానికే మొగ్గు. కొనే ముందు ఎవరి దగ్గరైనా ఒకటి అరువు తీసుకుని, ఊళ్లో తెలిసిన దారినే ఫోనూ డబ్బా రెండూ పట్టుకుని నడిచి, రెండు ట్రాకులూ ఒకదాని మీద ఒకటి వేసి చూడండి. మీ గుంపులో గొడవ అక్కడ సగం తగ్గుతుంది.

గుణుపురం_కొండబాట:
అందరికీ చాలా థాంక్స్. ఎస్ఈ అని గ్రూపులో పెట్టాను. "మ్యాపు లేనిదానికి డబ్బులేంటి" అని ఇద్దరు, "సరే కానీ" అని మిగతావాళ్లు. ఇన్‌రీచ్ అన్నవాడు మాత్రం మెత్తబడ్డాడు. ఆఖరి ప్రశ్న: ఎవరో పంపిన జీపీఎక్స్ ఫైలు (దారి, పాయింట్లు ఉన్న ఫైలు) ఎస్ఈలోకి ఎలా ఎక్కించాలి?

సిరోంచ_సంగమం:
గార్మిన్ ఎక్స్‌ప్లోర్ యాప్‌లో ఆ ఫైలు తెరిచి, బ్లూటూత్‌తో సింక్ చేస్తే పోతుంది. ఇంట్లో నెట్ ఉన్నప్పుడే చేసుకోండి, కొండ కింద టీ కొట్టు దగ్గర మొదలుపెట్టొద్దు.

బరంపురం_బైకర్:
యాప్ అంటే ఫోన్‌లోనే కదా సార్?

సిరోంచ_సంగమం:
ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టినా ఎక్కుతుంది, బైకర్ అన్నా.